రికార్డు రాస్తే రీసెర్చ్ వచ్చినట్టేనా?

యాంకర్: నల్గొండ స్టూడియోకి స్వాగతం. ఒక పరిశోధన ఫలితాన్ని చేతికిస్తే మన బీఈడీ పిల్లలు చదివి వాడుకోగలరా? అది తెలుసుకోవాలంటే ఏం అడగాలి? మేడమ్, మీరే మొదలుపెట్టండి.

లెక్చరర్: ఇప్పుడు మేం అడిగేది 'యాక్షన్ రీసెర్చ్ సోపానాలు రాయండి' అని. అంటే టీచరు తన క్లాసులోని సమస్యను తానే పరిశోధించే పద్ధతిలోని మెట్లు. రాస్తారు, మార్కులు పడతాయి. టీచర్ల అర్హత పరీక్ష టెట్‌లోనేమో 150 ప్రశ్నలకూ నాలుగేసి ఆప్షన్లు. మొన్న క్లాసులో వేరేగా అడిగి చూశాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనం 2011లో అచ్చయింది. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్. ఏ బడులకు ఇవ్వాలన్నది లాటరీ తీసినట్టు తేల్చారు. రెండేళ్లకు బోనస్ ఉన్న బడులకూ లేని బడులకూ లెక్కల్లో తేడా 0.27 స్టాండర్డ్ డీవియేషన్ (మార్కులు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరాయో చెప్పే కొలత). దీన్ని మామూలు మాటల్లో చెప్పమంటే, చాలామంది '27 శాతం పెరిగింది' అన్నారు.

విద్యార్థిని: నేనూ అదే రాశాను మేడమ్. (నవ్వులు)

లెక్చరర్: శాతం కాదమ్మా. వంద మందిని మార్కుల వరసలో నిలబెడితే, సరిగ్గా నడుమ ఉన్న పిల్లాడు ఇంకో పది మందిని దాటాడన్నమాట. ఫార్ములా నోటికొస్తుంది, అది ఏం చెప్తోందో రాదు.

రిటైర్డ్ హెడ్మాస్టర్: 2015 నుంచి బీఈడీ రెండేళ్లాయె. టైం లేదనడానికి లేదు. నీ యాక్షన్ రీసెర్చ్ రికార్డులో ఏం రాశావు బిడ్డా?

విద్యార్థిని: కథల పుస్తకాలిస్తే హాజరు పెరిగిందని సార్. నవంబర్‌లో 20 మంది వచ్చేవాళ్లు, ఫిబ్రవరికి 32 మంది.

హెడ్మాస్టర్: నవంబర్‌లో మీ ఊళ్లో ఏం పని నడుస్తది?

విద్యార్థిని: పత్తి ఏరుడు... (ఆగి) అయ్యో.

హెడ్మాస్టర్: పత్తి అయిపోయింది, పిల్లలు బడికొచ్చారు. పేరు నీ పుస్తకాలకొచ్చింది! పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని మన ఊరి పేరే కదా. బిందెలో నీళ్లయితే వేసేముందు ఒకసారి, వేశాక ఒకసారి కొలిస్తే తెలుస్తది. పిల్లలు బిందెలో నీళ్లలాంటి వాళ్లు కాదు కదా, వాళ్ల చుట్టూ ఇంకెన్నో మారుతుంటాయి.

యాంకర్: అయితే ఇదే పరీక్షలో ఇవ్వొచ్చా?

లెక్చరర్: ఇదే ఇవ్వాలి. 20, 32 అంకెలు ముందుపెట్టి 'పుస్తకాల వల్లేనని చెప్పగలవా? చెప్పాలంటే ఇంకేం కావాలి?' అని అడగాలి. పుస్తకాలివ్వని పక్కూరి బడి హాజరు కావాలి అని రాసిన వాళ్లకే మార్కులు. దిద్దడం కష్టమే, ఒక్కో పేపరూ చదవాలి. మాలో కొందరికి ఆ ఓపిక లేదు, ఒప్పుకోవాలి.

విద్యార్థిని: కానీ మేడమ్, పక్కూరి రిజిస్టర్ మాకెవరు చూపిస్తారు? ట్రైనింగ్ వాళ్లమంటే గేటు దగ్గరే ఆపేస్తారు.

హెడ్మాస్టర్: ఏ ఊరో చెప్పు. బ్రేక్‌లో ఫోన్ చేస్తా. అక్కడి హెడ్మాస్టర్ నా దగ్గర చదువుకున్నవాడే.