పెద్దవాళ్లకు ఉన్నట్టుండి కీలు నొప్పి: వయసు మీద తోసేయకండి

నమస్కారం. ఇంట్లో అరవై దాటిన పెద్దవాళ్లున్న ప్రతి ఒక్కరూ ఈ వీడియో చూడాలని నా కోరిక. మీకే అరవై దాటి ఉంటే మరీ మంచిది.

కీలు నొప్పి అని ఎవరన్నా ముందు ఒక్క ప్రశ్న అడగండి. ఎప్పుడు మొదలైంది? మోకాళ్లు అరిగినవాళ్లు "ఏమో, రెండు మూడేళ్ల నుంచీ ఉంది, ఈమధ్య ఎక్కువైంది" అంటారు. అరుగుదల తేదీ చెప్పలేనంత మెల్లగా వస్తుంది. అదే "నిన్న పడుకునేదాకా బాగానే ఉన్నాను, అర్ధరాత్రి దాటాక మొదలైంది" అని గంటతో సహా చెప్పారంటే, అక్కడ ఇంకేదో జరిగింది. గంటల్లో గానీ, ఒకటి రెండు రోజుల్లో గానీ ముదిరిన నొప్పికి తప్పకుండా ఒక కారణం ఉంటుంది. చాలాసార్లు దానికి మంచి వైద్యం కూడా ఉంటుంది. "వయసైంది కదా" అని ఊరుకున్నామంటే ఆ వైద్యం అందాల్సిన సమయం దాటిపోతుంది.

(తెరపై: వాచిన మోకాలు, పక్కనే మామూలు మోకాలు)

ఎక్కువమందికి వచ్చేది కాకపోయినా, అన్నిటికన్నా ప్రమాదమైనదాన్ని ముందు చెప్తాను. కీలు లోపల ఇన్‌ఫెక్షన్. డాక్టర్లు సెప్టిక్ ఆర్థరైటిస్ అంటారు. కాలి మీద పుండు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, చర్మం మీద సెగగడ్డ, ఇలా ఎక్కడో ఉన్న బాక్టీరియా రక్తంలో ప్రయాణించి కీలులోకి చేరుతుంది. ఎక్కువసార్లు అది స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే రకం, ఎక్కువసార్లు చేరేది మోకాల్లోకి. కీలు ఎర్రగా, వేడిగా వాచిపోతుంది. కొంచెం కదిపినా ప్రాణం పోయినట్టుంటుంది. ఎముకల చివర ఉండే మెత్తటి మృదులాస్థిని ఆ చీము కొన్ని రోజుల్లోనే తినేస్తుంది. ఒకసారి పోయిన మృదులాస్థి మళ్లీ మునుపటిలా పెరగదు. ఇన్‌ఫెక్షన్ రక్తమంతా పాకితే ప్రాణానికే ముప్పు.

షుగర్ ఉన్నవాళ్లకు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేసే జబ్బు) ఉన్నవాళ్లకు, ఈమధ్యే కీలులో ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లకు, కీలు మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. ఇంకో మాట చాలా ముఖ్యం. పెద్దవాళ్లలో జ్వరం రాకుండానే ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు. థర్మామీటర్ చూసి "జ్వరం లేదు, ఫర్వాలేదు" అనుకోవద్దు. తిండి మానేయడం, మగతగా ఉండటం, ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడటం, వాళ్లలో ఇన్‌ఫెక్షన్ ఇలా కూడా బయటపడుతుంది. ఒక్క కీలు వేడిగా వాచి, దాని మీద బరువు మోపలేకపోతే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. తెల్లారాక చూద్దాం అనకండి.

అక్కడ డాక్టర్ ఏం చేస్తారో చెప్తాను, ఎందుకంటే చాలామంది వద్దనేది దాన్నే. సూదితో కీలులోంచి కొంచెం ద్రవం తీస్తారు. "ఇంత నొప్పిలో మళ్లీ సూదా" అని ఇంట్లోవాళ్లే అడ్డుపడతారు. దయచేసి అడ్డుపడకండి. ఈ సందర్భంలో ఆ కొంచెం ద్రవం చెప్పగలిగింది ఏ రక్తపరీక్షా చెప్పలేదు.

(తెరపై: మూడు సీసాలు, ఒకదాంట్లో తేటగా, ఒకదాంట్లో మబ్బుగా, ఒకదాంట్లో ఎర్రగా)

మామూలు ద్రవం తేటగా, లేత పసుపు రంగులో, జిగటగా ఉంటుంది. మబ్బుగా ఉంటే లోపల వాపు గానీ చీము గానీ ఉన్నట్టు. రక్తం వస్తే దెబ్బ తగిలిందనో, రక్తం పలచబడే మందుల వల్ల లోపల రక్తస్రావం అయిందనో అర్థం. రక్తంతో పాటు కొవ్వు బిందువులు తేలుతుంటే ఎముక విరిగిందని అనుమానించాలి. తర్వాత తెల్లకణాలు లెక్కపెడతారు. మామూలుగా మైక్రోలీటరుకు 200 లోపే ఉండాలి. 50,000 దాటితే ఇన్‌ఫెక్షన్ అనుమానం బలపడుతుంది. అంకె ఒక్కటే చూసి తేల్చరు, బాక్టీరియా పెరుగుతుందేమోనని కల్చర్‌కు కూడా పంపుతారు. అందుకే ముందే ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ మింగించడం పెద్ద పొరపాటు. జబ్బు తగ్గదు, కల్చర్‌లో మాత్రం ఏమీ కనపడకుండా పోతుంది. కృత్రిమ కీలు ఉన్నవాళ్లయితే ఆ ఆపరేషన్ చేసిన సర్జన్‌కు ముందు ఫోన్ చేయండి. ఆ కీలులో సూది గుచ్చే నిర్ణయం వాళ్లు తీసుకోవాలి.

అదే ద్రవాన్ని పోలరైజ్డ్ కాంతి ఉండే మైక్రోస్కోప్ కింద పెడితే స్ఫటికాలు కనిపిస్తాయి. 1961లో డేనియల్ మెకార్టీ, జోసెఫ్ హాలండర్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు గౌట్, అంటే యూరిక్ యాసిడ్ కీలులో పలుకులు కట్టి వచ్చే వాపు, ఆ రోగుల కీళ్ల ద్రవంలో యూరేట్ (యూరిక్ యాసిడ్ నుంచి ఏర్పడే) స్ఫటికాలను ఈ పద్ధతిలో గుర్తించి చూపించారు. అచ్చం గౌట్ లాగే ఉన్న కొందరిలో యూరేట్ కాకుండా ఇంకో రకం స్ఫటికాలు ఉన్నాయని కూడా ఆ పరిశోధనల్లోనే తేలింది. అవి కాల్షియం పైరోఫాస్ఫేట్. ఆ జబ్బుకు 1962లో సూడోగౌట్ అని పేరు పెట్టారు. పెద్దవాళ్లలో ఉన్నట్టుండి ఒక్క కీలు వాచినప్పుడు ఎక్కువగా బయటపడేవి ఈ రెండే.

గౌట్ సంగతి. ఎక్కువ పంచదార కలిపిన నీళ్లు చల్లారితే అడుగున పలుకులు కట్టినట్టు, రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు దాదాపు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది కరిగి ఉండలేక స్ఫటికాలుగా మారొచ్చు. ఒంట్లో మిగతా చోట్లకన్నా కాలివేళ్లు చల్లగా ఉంటాయి. బొటనవేలి మొదట్లో ఉండే కీలుకే గౌట్ ముందు రావడానికి ఇదొక కారణం. చాలావరకు రాత్రిపూట మొదలై, ఒక రోజు లోపే పతాకస్థాయికి చేరుతుంది. పక్కదుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. మందు వేయకపోయినా ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది, అందుకే చాలామంది దాన్ని మర్చిపోతారు, మళ్లీ వస్తుంది.

పెద్దవాళ్లలో గౌట్‌కు తిండికన్నా మందుల పాత్రే ఎక్కువగా చూడాలి. బీపీకో గుండెకో వాడే, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. గుండె కోసం రోజూ వేసుకునే చిన్న డోస్ ఆస్పిరిన్ కూడా కొంత పెంచుతుంది. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే ఇంకా పెరుగుతుంది. అలాగని ఆ మాత్రలు మీరే ఆపేయకండి, డాక్టర్‌తో మాట్లాడండి. గౌట్ మగవాళ్ల జబ్బే అనుకోవడం కూడా సరికాదు. నెలసరి ఆగిపోయిన తర్వాత ఆడవాళ్లకూ వస్తుంది. చేతివేళ్ల చివర ఇదివరకే గడ్డలు కట్టి ఉన్న కీళ్లలో వస్తే అరుగుదలే అనుకుని వదిలేస్తారు.

యూరిక్ యాసిడ్ రిపోర్ట్ విషయంలో ఒక జాగ్రత్త. నొప్పి తీవ్రంగా ఉన్న రోజుల్లో ఆ అంకె మామూలుగా రావచ్చు, అంతమాత్రాన గౌట్ కాదనలేం. తగ్గిన రెండు వారాల తర్వాత మళ్లీ చూడాలి. దీనికి ఉల్టాగా, యూరిక్ యాసిడ్ ఎక్కువున్నా చాలామందికి గౌట్ రాదు. రిపోర్ట్‌లో 8 అని చూసి "ఓ, గౌట్" అని సరిపెట్టుకుంటే, మోకాల్లో ఉన్న ఇన్‌ఫెక్షన్ తప్పిపోవచ్చు. రెండూ ఒకే కీలులో కలిసి ఉండటమూ ఉంది.

సూడోగౌట్ ఎక్కువగా మోకాలికీ మణికట్టుకూ వస్తుంది. వేరే జబ్బుతోనో ఆపరేషన్ కోసమో ఆసుపత్రిలో చేరిన పెద్దాయనకు రెండు మూడు రోజుల తర్వాత మోకాలు వాచి జ్వరం వస్తుంది. మంచం మీద తిప్పేటప్పుడు ఎవరో కాలు మెలిపెట్టారని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నిజానికి ఆపరేషన్లు, న్యుమోనియా లాంటి జబ్బులే ఈ దాడిని రేపుతాయి. ఎక్స్‌రేలో మృదులాస్థి ఉండే చోట సన్నటి తెల్ల గీత కనిపిస్తే అది ఒక ఆధారం.

(తెరపై: తుంటి ఎముక బొమ్మ)

కింద పడకుండానే ఎముక విరగొచ్చు. ఎముకలు గుల్లబారినవాళ్లలో మామూలుగా లేవబోతుంటేనో, ఒక మెట్టు దిగుతుంటేనో చిట్లుతుంది. తుంటి విరిగితే నొప్పి గజ్జల్లో రావచ్చు, ఒక్కోసారి మోకాల్లో మాత్రమే తెలుస్తుంది. కాలు పొట్టిగా కనపడి, పాదం బయటికి తిరిగిపోయి ఉంటే కదపకుండా అంబులెన్స్ పిలవండి. కొందరు విరిగిన తుంటితోనే కుంటుతూ నడుస్తారు కూడా. మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోయినా బరువు మోపలేకపోతుంటే ఎంఆర్ఐ అడగండి. మోకాలి లోపలివైపు, మృదులాస్థి కింది ఎముకలో సన్నటి చిట్లు కూడా ఇలాగే ఉన్నట్టుండి మొదలవుతుంది. దాని మీదే నడుస్తూ పోతే ఎముక కుంగిపోతుంది. అలాంటి కాలికి మర్దన చేయించడం నాకు అస్సలు నచ్చదు.

మోకాలి వెనక నీటితిత్తి పగిలితే పిక్క వాచి నొప్పి పుడుతుంది. కాలి రక్తనాళంలో గడ్డ కట్టినా అచ్చం అలాగే ఉంటుంది, స్కాన్‌లోనే తేడా తెలుస్తుంది. జ్వరంతో పాటు చాలా కీళ్లు ఒకేసారి పట్టేస్తే చికున్‌గున్యా లాంటి వైరస్‌లను ఆలోచించాలి.

భుజాల గురించి రెండు మాటలు. యాభై దాటినవాళ్లకు రెండు భుజాలూ, రెండు తుంట్లూ కలిపి పట్టేసి, పొద్దున్నే మంచం మీద పక్కకు తిరగలేక, తల దువ్వుకోవడానికి చేయి లేవకపోతే అది పాలీమయాల్జియా రుమాటికా కావచ్చు. పేరు భయపెడుతుంది గానీ చిన్న డోస్ స్టెరాయిడ్‌తో కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. దీనితో పాటు కణతల దగ్గర కొత్త తలనొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి, చూపు మసకబారడం ఉంటే అదే రోజు వెళ్లాలి. తలలోని రక్తనాళాల వాపు వల్ల చూపు శాశ్వతంగా పోవచ్చు. ఇక ఎడమ భుజం లాగుతూ, చెమటలు పట్టి, ఆయాసం వస్తే, చేయి కదిపినా నొప్పిలో మార్పు లేకపోతే, అది గుండె నుంచి వచ్చే నొప్పి కావచ్చు. వెంటనే అంబులెన్స్ పిలవండి.

ఇప్పుడు మాత్రల డబ్బా. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి పెయిన్ కిల్లర్లు పెద్దవాళ్లకు డాక్టర్‌ను అడగకుండా ఇవ్వద్దు. బీపీ మాత్రలు, మూత్రం మాత్రలు వాడేవాళ్లలో ఇవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. రక్తం పలచబడే మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం అవుతుంది. ఆసుపత్రికి వెళ్లేలోపు సరైన మోతాదులో పారాసిటమాల్ ఇవ్వొచ్చు, నొప్పి ఉన్న కీలును కదపకుండా ఉంచి, గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టొచ్చు. వేడిగా ఉన్న కీలుకు కాపడం వద్దు. గౌట్ కోసం యూరిక్ యాసిడ్‌ను తగ్గించే అల్లోప్యూరినాల్ మాత్ర ఇప్పటికే రోజూ వాడుతుంటే నొప్పి వచ్చిందని మధ్యలో మానొద్దు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. నొప్పి ఏ గంటకు మొదలైందో, ఈమధ్య పుండు, ఇంజెక్షన్, ఆపరేషన్, చిన్న తూలుడు ఏమైనా ఉన్నాయో చెప్పండి. రోజూ స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లయితే అది మొదటి మాటగా చెప్పండి. జ్వరాన్నీ వాపునూ ఆ మాత్రలు కప్పేస్తాయి, ఆ సంగతి తెలిస్తే డాక్టర్ సూది పరీక్షను వాయిదా వేయరు.