గాడిలో వదిలిన ఖాళీ

మిత్రులారా, వానాకాలంలో మీ ఇంటి తలుపు ఎన్నిసార్లు బిగుసుకుపోయిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. చెక్క తేమ తాగితే అడ్డంగా ఉబ్బుతుంది. పొడవు మాత్రం దాదాపు మారదు. బల్లలు, కుర్చీలు చేసిన పాతకాలపు చైనా వడ్రంగులు ఈ స్వభావంతో పోట్లాడలేదు, సర్దుకున్నారు.

బీజింగ్‌లో జులై, ఆగస్టు నెలల్లో వానలు, చలికాలంలో పెదవులు పగిలే పొడిగాలి. అక్కడ వెడల్పాటి పలకను నాలుగు వైపులా మేకులతో బిగిస్తే ఏదో ఒక చలికాలంలో అది చీలక తప్పదు. అందుకే మింగ్ కాలపు (1368–1644) పనివాళ్లు ముందు నాలుగు కర్రలతో చట్రం కట్టేవారు. మూలల్లో బయటికి 45 డిగ్రీల కోత కనిపిస్తుంది, లోపల కుసి, అంటే ఒక కర్ర చివర చెక్కిన నాలుక, రెండో కర్ర బెజ్జంలో కూర్చుని ఉంటుంది. చట్రం లోపలి అంచున గాడి తీసి, పలక అంచును పలచగా చెక్కి అందులోకి దూర్చేవారు. గాడిలో కాస్త ఖాళీ వదిలేవారు. పలక ఉబ్బినా ముడుచుకున్నా ఆ ఖాళీలోనే. చట్రం కొలత చెక్కుచెదరదు. పలక వంకర పోకుండా అడుగున ఒక అడ్డకర్ర ఉంటుంది. దాన్నీ బిగించరు. నోరు ఇరుకుగా, లోపల వెడల్పుగా తొలిచిన గాడిలోకి పక్కనుంచి జరుపుతారు.

'మేకు లేదు, జిగురు లేదు' అని ఈ సామాను గురించి గొప్పగా చెబుతుంటారు. అది కొంత అతిశయోక్తే. మడత కుర్చీలకు లోహపు పట్టీలు ఉంటాయి, జిగురూ అక్కడక్కడా వాడారు. నన్ను ఆశ్చర్యపరిచేది ఆ ఖాళీయే.

ఇంత సన్నని కుసులు చెక్కాలంటే గట్టి కలప కావాలి. 1567లో సముద్ర వాణిజ్యంపై నిషేధం సడలాక ఆగ్నేయాసియా కలప చైనా రేవులకు విరివిగా చేరింది. మింగ్ వంశం తర్వాత ఏలిన చింగ్ చక్రవర్తులు మోజుపడిన కలప 'జితాన్'. నేటి చైనా కలప ప్రమాణాల్లో ఆ పేరు మన శేషాచలం కొండల ఎర్రచందనానిదే. ఆ కొండల్లో దొంగ గొడ్డళ్లు ఎందుకు ఆగడం లేదో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఈ బల్ల మూల నమూనాను మీకు అందిస్తున్నాను. ఒక కాలు, రెండు చట్రం కర్రలు ఒకే చోట కలుస్తాయి. కాలి తలపై రెండు కుసులున్నాయి, ఒకటి పొడవు, ఒకటి పొట్టి. రెండోది ఎందుకు పొట్టిదంటే, చట్రం కర్రలను కలిపే కుసి సరిగ్గా దాని పైనుంచే అడ్డంగా పోతుంది. ముందు చట్రాన్ని పైకి లాగండి, తర్వాతే కర్రలను విడదీయండి. సుత్తి అవసరం లేదు.