మీ పాప గేటుకి తగిలించిన డబ్బా

నమస్తే అక్కా, నమస్తే అన్నా. నెల్లూరులో ఏ అపార్ట్‌మెంట్ మీటింగ్‌కి పోయినా ఒకటే మాట. "మా పాపకి ఇన్‌స్టా ఒక్కటే ఉందండీ, అకౌంట్ కూడా ప్రైవేటే." వింటుంటే ఒళ్లు మండుతుంది నాకు. గేటు వేశారు, సరే. ఆ గేటుకి పాపే ఒక డబ్బా తగిలించింది, దాని సంగతేంది?

పిల్లలు ఒక యాప్‌లో లింకు తీసుకుని, "నా గురించి ఏమైనా రాయండి, మీ పేరు కనిపించదు" అని స్టోరీలో పెడతారు. అదీ డబ్బా. మన ఆకాశరామన్న ఉత్తరం గుర్తుందా? పెళ్లి సంబంధం కుదిరిందంటే చాలు, మగపెళ్లివారింటికి ఒకటి వచ్చి పడేది. అచ్చం అదే. కాకపోతే అప్పటి ఆకాశరామన్న కార్డు కొనాలి, ఎడంచేత్తో రాయాలి, పోస్టు డబ్బా దాకా నడవాలి. ఆ నడకలోనే సగం మందికి కోపం దిగిపోయేది. ఇప్పటివాడు దుప్పట్లోంచే రాసేస్తాడు.

ఇంకోటి. ప్రైవేట్ అకౌంట్‌లో స్టోరీ చూసేది ఎవరు? క్లాసు పిల్లలే కదా! అంటే ఆకాశరామన్న ఎక్కడో ఆకాశంలో లేడు, పక్క బెంచీలో ఉన్నాడు. మాగుంట లేఔట్‌లో మాకు తెలిసినవాళ్ల పాప, పదో తరగతి. రాత్రి పదకొండింటికి వచ్చిందా మెసేజ్: "నీ పక్కన కూర్చోవాలంటే అందరికీ చిరాకు, నీకింకా తెలీదా?" అంతే, బూతు లేదు, బెదిరింపు లేదు. మర్నాటి నుంచి ఆ పిల్ల క్లాసులో పాఠం వినలేదు, మొహాలు చూస్తూ కూర్చుంది. నవ్విన ప్రతివాళ్లూ రాసినట్టే ఉంది. వారం పాటు లంచ్ బాక్స్ పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది. ఆకలి మందగించిందేమోనని వాళ్లమ్మ టానిక్ తెచ్చి పోసింది. నేనైనా అదే చేసేదాన్ని లెండి.

ఇక పోస్ట్‌మ్యాన్ సంగతి, అంటే ఆ యాప్ నడిపే కంపెనీ సంగతి. ఇది నాకు భలే ఇష్టమైన భాగం. ఎన్‌జీఎల్ అనే యాప్ మీద అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2024 జులైలో కేసు పెట్టింది. ఆరోపణ ఏందనుకున్నారు? డబ్బా ఖాళీగా ఉంటే పోస్ట్‌మ్యానే ఉత్తరాలు రాసి వేశాడంట! "నువ్వేం చేశావో నాకు తెలుసు" లాంటివి. ఎవరు రాశారో చెప్తానని వారానికి 9.99 డాలర్ల దాకా తీసుకుని, పేరు కాకుండా ఏదో ఆచూకీ చెప్పి పంపాడంట. చివరికి 50 లక్షల డాలర్లు కట్టి, 18 ఏళ్ల లోపు వాళ్లకి ఆ యాప్ ఇవ్వనని ఒప్పుకున్నారు. పిల్ల ఏడ్చింది ఏ మనిషీ రాయని ఉత్తరం చూసి కూడా కావచ్చు.

"ఆ యాప్‌ల లిస్టు పెట్టండి" అంటారు. పెట్టను. 2017లో పిల్లలంతా సరాహా అన్నారు, 2018లో దాన్ని యాప్ స్టోర్ల నుంచి తీసేశారు. యోలో అన్నారు, 2021లో స్నాప్‌చాట్ దాన్ని ఆపేసింది. ఒక డబ్బా పీకేస్తే ఇంకోటి వేలాడుతుంది. పేర్లు కాదు, స్టోరీలో ఆ లింకు ఉందా అని చూడండి.

అయ్యో, టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. పేరు కనిపించనిది మీ పాపకే, పోస్ట్‌మ్యాన్‌కి కాదు. ఏ ఐపీ అడ్రస్ (నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు) నుంచి వచ్చిందో సాధారణంగా కంపెనీ దగ్గర ఉంటుంది, పోలీసులు అడగొచ్చు. అందుకే కోపంలో డిలీట్ కొట్టకండి, ముందు స్క్రీన్‌షాట్. ఫోన్ లాక్కోకండి, లాక్కుంటే రెండోసారి మీకు చెప్పదు. ఫోటోలతో బెదిరిస్తే పైసా పంపొద్దు, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. డబ్బు పోయుంటే 1930, పిల్లల సాయానికి 1098. పిల్లల అసభ్య చిత్రాల మీదైతే ఆ పోర్టల్‌లో పేరు చెప్పకుండానే ఫిర్యాదు ఇవ్వొచ్చు. అక్కడ మాత్రం మీరే ఆకాశరామన్న!

ఆ పాప డబ్బా పీకేసింది. ఇంత చెప్తున్నానా, నిన్న మా వాడి స్టోరీ చూస్తే అదే లింకు. వాడు ట్యూషన్ నుంచి వచ్చే టైమైంది, ఉంటాను.