డ్యూటీ చార్టు మార్చకుండా ధ్యానం నేర్పితే

అందరికీ నమస్కారం.

ఈ రోజు కార్యక్రమంలో పొద్దున నాయకత్వం, మధ్యాహ్నం మానసిక ఆరోగ్యం అని వేర్వేరుగా పెట్టారు. వైద్య విద్యలో మామూలుగా జరిగేది ఇదే. నాయకత్వం ఎప్పుడో డిపార్ట్‌మెంట్ హెడ్ అయ్యాక పనికొచ్చే విద్య అనీ, ఆరోగ్యం ఎవరికి వారు చూసుకోవలసిన సొంత వ్యవహారమనీ అనుకుంటాం. నేను ఒప్పుకోను. హౌస్ సర్జన్ వేళకు తింటున్నాడా, ఎన్ని గంటలు నిద్రపోతున్నాడు, పొరపాటు జరిగితే ఎవరికి చెప్పుకుంటాడు అన్నవి చాలావరకు సీనియర్ల చేతిలోనే ఉంటాయి.

బర్నవుట్, అంటే పనితో పూర్తిగా అలసి డీలా పడిపోవడం, సంగతే తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో దాన్ని జబ్బుగా లెక్కపెట్టలేదు. పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సరిగా సంభాళించకపోతే వచ్చే స్థితి అంది. అంటే ముందు సరిచేయాల్సింది పనిచేసే చోటుని. మనమేమో రాత్రంతా డ్యూటీ చేసి దిగిన పిల్లల్ని కూర్చోబెట్టి ధ్యానం నేర్పిస్తున్నాం. వాళ్లు అక్కడే నిద్రపోతారు. ఆ క్లాసు వల్ల మేలేదైనా జరిగిందంటే అదే! ధ్యానం మీద నాకు కోపం లేదు. డ్యూటీ చార్టు జోలికి వెళ్లకుండా దానితో సరిపెట్టడమే నాకు నచ్చదు.

పని గంటలకు హద్దు ఉండాలి, అందులో వాదన లేదు. అమెరికాలో 2003 నుంచి రెసిడెంట్లకు, అంటే శిక్షణలో ఉన్న డాక్టర్లకు, వారానికి 80 గంటల పరిమితి ఉంది. అదీ తక్కువేం కాదనుకోండి.

కానీ గంటలు తగ్గించినంత మాత్రాన తీరని సమస్య ఒకటుంది. నలభైకి పైగా దేశాల అధ్యయనాలను కలిపి 2016లో ప్రచురించిన సమీక్షలో, వైద్య విద్యార్థుల్లో దాదాపు 27 శాతం మందికి డిప్రెషన్ గానీ దాని లక్షణాలు గానీ ఉన్నాయని తేలింది. వాళ్లలో చికిత్స కోసం వెళ్లినవారు సుమారు 16 శాతమే. లక్షణాలు పుస్తకంలో చదివినవాళ్లు, మందుల పేర్లు తెలిసినవాళ్లు, సైకియాట్రీ ఓపీ ఎక్కడుందో తెలిసినవాళ్లు. అయినా వెళ్లరు. రేపు తనకు మార్కులు వేయబోయే మనిషే ఆ ఓపీలో కూర్చుని ఉంటే ఎవరు వెళతారు? విద్యార్థిని చూసే డాక్టరుకు అతని పరీక్షలతో ఏ సంబంధమూ ఉండకూడదు. ఖర్చు పెద్దగా లేని ఏర్పాటు ఇది. ఇదైనా వెంటనే చేయొచ్చు.

భయం గురించి ఇంకో మాట. 1990లలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి బృందాల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లను లెక్కించారు. మంచి నాయకత్వం ఉన్న బృందాల్లో తప్పులు తక్కువ ఉంటాయనుకుంటే, ఎక్కువ కనిపించాయి! తరచి చూస్తే, అక్కడివాళ్లు తప్పుల్ని దాచకుండా చెబుతున్నారు. మిగతాచోట్ల నోరు విప్పడానికే జంకుతున్నారు. రౌండ్స్‌లో ప్రొఫెసర్ గారు "ఇది నాకూ తెలియదు, చూసి చెబుతాను" అంటే పీజీలకు ఆ జంకు కొంత తగ్గుతుంది. రోగి ముందే జూనియర్‌ను తిడితే, ఆ వార్డులో రెండోసారి ఎవరూ నిజం చెప్పరు. విద్యార్థి నాయకత్వం నేర్చుకునేది ఈ రౌండ్స్‌లోనే. మంచిదైనా, చెడ్డదైనా.

2015లో అమెరికాలోని మేయో క్లినిక్ అనే ఆసుపత్రి సంస్థ ప్రచురించిన అధ్యయనంలో 2,800 మందికి పైగా వైద్యులు తమ పై అధికారికి మార్కులు వేశారు. మర్యాదగా చూస్తారా, అభిప్రాయం అడుగుతారా, మంచి పనిని గుర్తిస్తారా అన్నవి ప్రశ్నలు. మార్కులు ఎక్కువ వచ్చినవారి కింద బర్నవుట్ తక్కువగా ఉంది. బాగా అలసిన మనిషికి పై అధికారి ఎలాగూ చెడ్డగానే కనిపిస్తాడు కదా అని మీరనొచ్చు. అనాల్సిన మాటే. అయినా అవే ప్రశ్నలు మన యూనిట్లలోనూ అడగాలంటాను.

ఇలా మార్కులు వేయిస్తే స్ట్రిక్ట్‌గా ఉండేవారికి అన్యాయం జరుగుతుందని కొందరి అభ్యంతరం. గట్టిగా పని చేయించేవారికీ, అవమానించేవారికీ తేడా పిల్లలకు తెలుసు. నాకున్న టెన్షన్ వేరు. యూనిట్‌లో ముగ్గురే పీజీలుంటే ఎవరేం రాశారో ఇట్టే తెలిసిపోతుంది. అందుకని జవాబుల్ని వెంటనే యూనిట్ హెడ్ చేతికి ఇవ్వకుండా, రెండు మూడు బ్యాచ్‌లవి కలిపి, ఆ పీజీలు కోర్సు పూర్తిచేసి వెళ్లాక ఇవ్వాలి.