అకా ప్రజల పాటలో నాలుగు వరసలు

[దృశ్యం: దట్టమైన అడవి. ఆకులు కప్పిన గుండ్రటి గుడిసెలు. చప్పట్లు, పాట.]

వాయిస్: ఇన్ని గొంతుల్లో అసలు పాట ఎవరిది? కాసేపు వినండి. ఒక గొంతు వెంట వెళ్లబోతే ఇంకోటి అడ్డొస్తుంది.

మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ నైరుతి అడవుల్లో, కాంగో రిపబ్లిక్ ఉత్తర భాగంలో ఉండే అకా ప్రజల పాట ఇది. మన భజనల్లో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అదే అందుకుంటారు. ఇక్కడా ఒకరు ఎత్తుకుంటారు, కానీ ఆ తర్వాత ఎవరి దారి వాళ్లది.

[గ్రాఫిక్: అల్లుకునే నాలుగు రంగుల గీతలు]

పాట లోపల నాలుగు వరసలుంటాయి. నచ్చింది పట్టుకోవచ్చు, మధ్యలో వదిలి మరోటి అందుకోవచ్చు, అప్పటికప్పుడు మార్చి పాడొచ్చు. ఆవర్తం, అంటే మళ్లీ మళ్లీ తిరిగొచ్చే తాళం చుట్టు, మాత్రం తప్పకూడదు. మాటలు తక్కువ, అచ్చులే ఎక్కువ. ఒక వరసలో గొంతు ఛాతీలోంచి ఒక్కసారిగా పైస్థాయికి ఎగురుతుంది.

ఈ అల్లిక విప్పడానికి సంగీత పరిశోధకుడు సిమ్హా ఆరోమ్ 1970ల్లో ఒక ఉపాయం చేశారు. ఒకరి గొంతు రికార్డు చేసి, దాన్ని హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తూ రెండోవారి చేత పాడించారు. అలా ఒక్కో వరసా విడిగా దొరికింది.

[దృశ్యం: వలలతో బయల్దేరిన ఆడా మగా]

ఇప్పుడు వాళ్ల బతుకు చూడండి. వలవేటకు ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసే వెళ్తారు. దొరికిన మాంసం విడిదిలో అందరికీ పంచుతారు. కొంబేటి అనే పెద్దమనిషి ఉంటాడు. సలహా ఇస్తాడు, ఆజ్ఞ వేయలేడు. పాట ఎత్తుకున్న మనిషి స్థానమూ సరిగ్గా అదే! ఎవరి ఇష్టం వాళ్లదే అయినా పక్కవాళ్లను వినకుండా పాడితే పాట నిలబడదు. నాకు వీళ్ల సమాజం మొత్తం ఈ ఒక్క నియమంలో కనిపిస్తుంది.

ఇది నేర్పే బడి లేదు. పసిబిడ్డలు పెద్దల ఒళ్లో ఉండగానే పాట చెవిన పడుతుంది. అకా తండ్రులు రోజులో దాదాపు సగం సేపు బిడ్డను చేతికందే దూరంలోనే ఉంచుకుంటారని పరిశోధకులు గమనించారు.

[దృశ్యం: దుంగలు మోసుకెళ్తున్న లారీలు]

యునెస్కో 2003లో ఈ గానాన్ని మానవాళి వారసత్వంగా ప్రకటించింది. 2008లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ ప్రాతినిధ్య జాబితాలో చేర్చింది. మంచిదే. కానీ ఈ పాటలు వేటకు, తేనెకు, కొత్త విడిదికి, చావుకు ముడిపడినవి. కలప కోసం అడవి నరికిన చోట జంతువులు తగ్గుతున్నాయి, వల పట్టే రోజులు తగ్గుతున్నాయి, వాటితోపాటు వేటపాట ఎత్తుకునే రోజులూ తగ్గుతున్నాయి.