కోరల్స్‌ని కాల్చేది లైట్ కాదు, మీరు పెట్టిన ఎత్తు!

లైట్ పైకి లేపండి! ఈ వీడియోలో నేను చెప్పేది ఇదొక్కటే, చివరిదాకా ఇదే చెబుతాను. రీఫ్ ట్యాంక్, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి అక్వేరియం మీద, ఎల్ఈడీని నీళ్లకి 15 సెంటీమీటర్ల ఎత్తులో బిగిస్తారు. నెల తిరిగేసరికి ఆక్రోపోరా అనే కొమ్మల కోరల్ కొసలు తెల్లబడతాయి. వెంటనే కంపెనీని తిట్టడం మొదలు. ఆ లైట్ తీసేసి ఇంకో కంపెనీది తెస్తారు, దాన్నీ అదే 15 సెంటీమీటర్లకి బిగిస్తారు. మళ్లీ అవే తెల్ల కొసలు. మరి తప్పు ఎవరిదండీ?

గొడవ మీకు తెలిసిందే. లైట్ ఎంత దగ్గరగా ఉంటే అంత పార్ (కోరల్స్ వాడుకోగలిగే వెలుగు కొలత) వస్తుంది, పైకి లేపితే వెలుగంతా గదిలోకే పోతుందని ఒక వర్గం. లేదు, 25, 30 సెంటీమీటర్లు ఉండాల్సిందేనని ఇంకో వర్గం. నేను రెండో వర్గం. ఊరికే కాదు, లెక్క చూపించి మరీ చెబుతా. పెన్నూ కాగితం తీసుకోండి.

90 డిగ్రీల లెన్స్ అనుకుందాం. నిలువు గీతకి అటు 45, ఇటు 45. లైట్ 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నీటి మీద పడే వెలుగు వలయం 40 సెంటీమీటర్ల వెడల్పు. 30కి లేపితే 60. ఇక్కడిదాకా అందరూ ఒప్పుకుంటారు. అసలు కథ వెలుగు నీళ్లలోకి దిగాక ఉంది. నీటి వక్రీభవన గుణకం 1.33. గాలిలో 45 డిగ్రీల వాలుతో వచ్చిన కిరణం నీళ్లలో అడుగుపెట్టగానే 32 డిగ్రీలకి వంగిపోతుంది. గాలిలో 10 సెంటీమీటర్లు దిగితే వెలుగు ఒక్కో పక్కకి 10 సెంటీమీటర్లు విచ్చుకునేది కాస్తా, నీళ్లలో 6 దగ్గరే ఆగిపోతుంది. అంటే వెలుగు బాగా పరుచుకునేది నీళ్లపైన ఉన్న ఖాళీలోనే! ఆ ఖాళీనే మీరు మింగేస్తున్నారు.

ఇప్పుడు పై రాక్ మీద, 10 సెంటీమీటర్ల లోతులో ఒక ఆక్రోపోరా పెట్టండి. కింద శాండ్ మీద, 45 సెంటీమీటర్ల లోతులో ఒక టార్చ్ కోరల్. లైట్ 20 ఎత్తులో ఉన్నప్పుడు ఆక్రోపోరా దగ్గర వలయం వ్యాసార్ధం 26, టార్చ్ దగ్గర 48. వైశాల్యాలు లెక్కేస్తే టార్చ్ కంటే ఆక్రోపోరా మీద వెలుగు 3.4 రెట్లు చిక్కగా పడుతోంది. అదే లైట్‌ని 30కి లేపండి. వ్యాసార్ధాలు 36, 58. తేడా 2.6 రెట్లకి దిగొచ్చింది. నీళ్లు పీల్చుకునేదీ, లైట్ నడిమధ్యన ఉండే హాట్‌స్పాటూ నేను కలపలేదు. అవి కలిపితే అంకెలు మారతాయి, దిశ మారదు.

ఈ 10 సెంటీమీటర్లకే ఆక్రోపోరా మీద వెలుగు దాదాపు సగమైంది, టార్చ్ మీద మూడో వంతు కూడా పూర్తిగా తగ్గలేదు. తగ్గిన వెలుగుని లైట్ యాప్‌లో పర్సెంట్ పెంచి తెచ్చుకోవచ్చు. పైకీ కిందికీ ఉన్న తేడాని మాత్రం ఏ యాప్‌లో ఏ స్లైడర్ జరిపినా సరిచేయలేరు! అది సరయ్యేది ఎత్తుతోనే.

"మరి వెలుగు గదిలోకి పోదా?" పోతుంది, నీటి అంచు దాటి బయట పడినంత మేరకు పోతుంది. నీళ్లలోకి దిగింది మాత్రం అంత తేలిగ్గా బయటికి రాదు. 32 డిగ్రీల వాలుతో దిగిన కిరణం పక్క గ్లాస్‌ని 58 డిగ్రీల కోణంలో తాకుతుంది. నీటి నుంచి గాలిలోకి వెళ్లడానికి హద్దు 49 డిగ్రీల లోపే. అది దాటితే సంపూర్ణాంతర పరావర్తనం, కిరణం అద్దంలో పడ్డట్టు వెనక్కి తిరుగుతుంది. నీళ్లు కదులుతుంటాయి కాబట్టి కాస్త జారిపోతుంది, గ్లాస్‌కి ఆల్గే పట్టి ఉంటే అది కొంత తినేస్తుంది, అంతే. కాబట్టి 90 డిగ్రీల లెన్స్‌కి నా లెక్క తేలిక. ట్యాంక్ ముందు నుంచి వెనక్కి ఎంత వెడల్పో అందులో సగం ఎత్తు. 60 వెడల్పుకి 30, 45 వెడల్పుకి 22. లెన్స్ 120 డిగ్రీలైతే వెలుగు ఇంకా త్వరగా అంచు దాటుతుంది. అప్పుడు 20 నుంచి 25 మధ్య పెట్టి, చుట్టూ షేడ్ బిగించండి.

కొసలు ఎందుకు కాలతాయో కూడా చూద్దాం. కోరల్ కండలో ఉండే జూక్సాంథెల్లే అనే సూక్ష్మమైన ఆల్గే వాడుకోగలిగిన దానికంటే ఎక్కువ వెలుగు పడితే హాని చేసే ఆక్సిజన్ రూపాలు పుడతాయి, కోరల్ తన ఆల్గేని తానే బయటికి నెట్టేస్తుంది. కొమ్మని దగ్గరగా చూడండి. పెరిగే కొస మామూలుగానే తెల్లగా ఉంటుంది, దాని కిందే పాలిప్స్, అంటే పువ్వుల్లా కనిపించే చిన్న కోరల్ జీవులు, విచ్చుకుని ఉంటాయి. కాలిన కొస చుట్టూ పాలిప్స్ ముడుచుకుపోయి, తెలుపు కిందికి పాకుతుంది. అదే కొమ్మ అడుగున, నీడపడే వైపు, గోధుమరంగు. ఒకే కొమ్మకి పైన వెలుగు ఎక్కువ, కింద తక్కువ! కొత్త లైట్ కొంటే ఇది పోతుందా? అయితే నీటి ఆల్కలినిటీ (క్షారత) ఎక్కువై నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకి పడిపోయినా కొసలు కాలతాయి, ముందు అవి టెస్ట్ చేసుకోండి.

ఇంకో మాట, 120 సెంటీమీటర్ల ట్యాంక్ మీద నడిమధ్యన ఒక్క పెద్ద లైట్ వేలాడదీయకండి. రెండు పెట్టండి, ఎడమ గ్లాస్ నుంచి 30 దగ్గర ఒకటి, 90 దగ్గర ఒకటి. వెలుగు రెండు దిక్కుల నుంచి వస్తే కొమ్మల కింద నీడ పలచబడుతుంది. రెండూ సగం పవర్‌తో నడిస్తే వేడి తక్కువ, ఫ్యాన్ మోత తక్కువ. మధ్య గీత నుంచి ఒక 5 సెంటీమీటర్లు ముందుకి జరపండి. మనం చూసేది ముందు నుంచి కదా, వెనక్కి పెడితే కోరల్ మొహం నీడలోనే ఉంటుంది. ముందు గ్లాస్ కాస్త ఎక్కువసార్లు తుడవాలి, తుడుచుకోండి.

బిగించడం సంగతి. ఫాల్స్ సీలింగ్ జిప్సం బోర్డుకి హుక్ కొట్టారంటే ఎప్పుడో ఒకరోజు లైట్ నీళ్లలో పడుతుంది! పైన కాంక్రీట్ స్లాబ్ దాకా డ్రిల్ చేసి యాంకర్ వేయండి, లైట్ బరువుకి కనీసం ఐదు రెట్లు మోసేది. వైర్లు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి, వీలైతే 316 గ్రేడ్, ఉప్పు గాలికి 304 కంటే మెరుగ్గా తట్టుకుంటుంది. ఎత్తు మార్చుకునే గ్రిప్పర్లు ఉన్న కిట్టే తీసుకోండి, ఎత్తు ఒక్కసారితో తేలేది కాదు. స్పిరిట్ లెవెల్ పెట్టి చూడండి. ట్యాంక్ అంచుకి బిగించే ఆర్మ్ అయితే రబ్బరు ప్యాడ్ తప్పనిసరి, స్క్రూ చేత్తో బిగిస్తే చాలు, స్పానర్ పెడితే గ్లాస్ చిట్లుతుంది.

కరెంట్ తీగ! ప్లగ్‌లోకి వెళ్లే ముందు తీగ సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి. అదే డ్రిప్ లూప్. తీగ వెంట జారిన ఉప్పునీటి చుక్క ఆ వంపు దగ్గర రాలిపోవాలి, సాకెట్‌లోకి పోకూడదు. అడాప్టర్‌ని సంప్ (ట్యాంక్ కింద ఉండే ఫిల్టర్ తొట్టి) మీద ఎప్పుడూ పెట్టకండి.

లైట్ లేపిన రోజే పర్సెంట్ పెంచకండి. రెండు వారాలు ఆగండి, తర్వాత వారానికి 5 శాతం చొప్పున. ఫోన్ లక్స్ యాప్‌తో కొలవొద్దు, లక్స్ మనిషి కంటికి కనిపించే ఆకుపచ్చని లెక్కపెట్టేది, మీ ట్యాంక్ నిండా నీలం. ఎపోజీ ఎమ్‌క్యూ-510 లాంటి నీళ్లలో ముంచే పార్ మీటర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. పార్ సాఫ్ట్ కోరల్స్‌కి 50 నుంచి 150, టార్చ్, హ్యామర్ కోరల్స్‌కి 80 నుంచి 150, ఆక్రోపోరాకి 200 నుంచి 350.

లైట్ దగ్గరగానే ఉండాలనేవాళ్లు కామెంట్‌లో ఒక్క రీడింగ్ రాసి ఊరుకోవద్దు. పై రాక్ మీద ఒకటి, శాండ్ మీద ఒకటి, లైట్ ఎత్తు, లెన్స్ డిగ్రీలు, నాలుగూ రాయండి. అప్పుడు మాట్లాడుకుందాం.