మదర్‌బోర్డు మార్చే ముందు లైసెన్సు చూడండి

అందరికీ నమస్కారం.

ద్వారకానగర్ షాపుకి పాత కంప్యూటర్ తీసుకెళ్లి ర్యామ్ పెంచమన్నా, హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వెయ్యమన్నా విండోస్ లైసెన్సు గురించి బెంగ పడక్కర్లేదు. చిక్కంతా మదర్‌బోర్డుతోనే. బీచ్ పక్క ఇళ్లలో ఉప్పుగాలికి బోర్డులు తుప్పు పడతాయి కాబట్టి ఈ మాట విశాఖలో మరీ గట్టిగా చెప్పాలి.

ముందు మీ లైసెన్సు ఏ రకమో చూసుకోండి. కమాండ్ ప్రాంప్ట్ (విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో ఎస్‌ఎల్‌ఎంజీఆర్, ఒక ఖాళీ, స్లాష్, డీఎల్‌ఐ అని కొట్టండి. చిన్న పెట్టెలో ఓఈఎం, రిటైల్, వాల్యూమ్ అనే మూడింటిలో ఏదో ఒక పేరు కనిపిస్తుంది.

ఓఈఎం అంటే కంపెనీ మెషీన్‌తో పాటే వచ్చినది. విండోస్ 8 కాలం నుంచి ఆ కీ బోర్డు మీది చిప్‌లోనే ఉంటోంది. బోర్డు చెడిపోయి కంపెనీయే మార్చిస్తే హక్కు పోదు. స్పీడు కోసం మీరే వేరే బోర్డు వేయిస్తే మాత్రం కొత్త లైసెన్సు కొనాల్సిందే. విండోస్ 10 నుంచి ఉచితంగా 11కి మారినా ఓఈఎం ఓఈఎంగానే ఉంటుంది, రిటైల్ అయిపోదు.

విడిగా కొన్న రిటైల్ లైసెన్సును పాత మెషీన్‌లో తీసేసి కొత్తదాంట్లో వాడుకోవచ్చు. ఒకసారికి ఒక్కదాంట్లోనే. బోర్డు విప్పక ముందే ఆ లైసెన్సును మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి కలపండి. కొత్త బోర్డు వేశాక సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌కి వెళ్లి, ఈమధ్య హార్డ్‌వేర్ మార్చానన్న ఆప్షన్ ఎంచుకోండి. హోమ్ లైసెన్సుండగా ప్రో ఎడిషన్ ఎక్కిస్తే యాక్టివేట్ కాదు. చాలామంది తడబడేది ఇక్కడే.

వాల్యూమ్ లైసెన్సు సంస్థలది. కేఎంఎస్ (సంస్థ సొంత సర్వర్ ద్వారా యాక్టివేట్ చేసే) పద్ధతిలో అయితే 180 రోజుల్లోగా సంస్థ సర్వర్‌ని అందుకోకపోతే యాక్టివేషన్ పోతుంది. ఇంట్లో మెషీన్‌లో వాల్యూమ్ అని కనిపిస్తే, అమ్మినవాళ్లను బిల్లుతో సహా నిలదీయండి. అగ్గువకు వచ్చిందని ఊరుకోవద్దు.

ఇంకో ప్రమాదం బిట్‌లాకర్, అంటే డిస్కులోని ఫైళ్లకు విండోస్ వేసే తాళం. బోర్డుతో పాటు ఆ తాళం రహస్యాన్ని దాచే టీపీఎం అనే భద్రతా చిప్ మారుతుంది, దాంతో మెషీన్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే లైసెన్సు సంగతి దేవుడెరుగు, మీ ఫైళ్లే తెరుచుకోవు. ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

వ్యాపారులకు ఒక్క మాట. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ వాడుతుంటే, పాత మెషీన్ పనిచేస్తుండగానే ట్యాలీ లైసెన్సు మెనూలో సరెండర్ చెయ్యండి, అంటే ఆ మెషీన్ నుంచి లైసెన్సును వదిలించండి. ఆ తర్వాతే కొత్తదాంట్లో యాక్టివేట్ చెయ్యాలి. డేటా ఫోల్డర్ బ్యాకప్ సరెండర్‌కి ముందే తీసుకోండి.